పెంకుల సందులోంచి గ్రహణం

సిద్ధార్థి నామ సంవత్సరం మాఘ బహుళ అమావాస్య, శనివారం, అంటే 1980 ఫిబ్రవరి 16న, మన బడి మైదానంలో పదకొండు మందిమి నిలబడి సంపూర్ణ సూర్యగ్రహణం చూశాం. తరగతిలో నలభై మందికి పైగా ఉండేవాళ్లం కాబట్టి, మిగిలినవాళ్లంతా ఆ సమయంలో తలుపులు బిగించిన ఇళ్లలో ఉన్నారన్నమాట. నల్లగొండ జిల్లా మీదుగా ఆ గ్రహణఛాయ సాగిపోయిందని, మనకు ఎంతో దూరం లేని జపాల్-రంగాపూర్ వేధశాలకు దేశవిదేశాల శాస్త్రజ్ఞులు పరికరాలు మోసుకొని వచ్చారని ఇప్పుడు అందరికీ తెలుసు. నేను రాయదలచుకున్నది మాత్రం ఆ రెండు నిమిషాల చీకటి గురించి కాదు, దానికి వారం ముందు లెక్కల సారు నన్ను నిలబెట్టి అడిగిన ఒక ప్రశ్న గురించి. సార్ల పేర్లు రాయడం లేదు. ఈ సంచిక చదివేవాళ్లు ఎలాగూ పోల్చుకుంటారు.

గ్రహణం ఎందుకు వస్తుందని ఆయన అడిగితే చంద్రుడు అడ్డం వస్తాడని చటుక్కున చెప్పాను. "నీకెట్ల తెలుసు?" అన్నారు. "మీరే చెప్పిండ్రు సార్." "మరి రాహువు మింగుతడని మీ నాయనమ్మకు ఎట్ల తెలుసు?" "వాళ్లమ్మ చెప్పి ఉంటది సార్." "నీకూ ఒకరు చెప్పిండ్రు, ఆమెకూ ఒకరు చెప్పిండ్రు. ఇగ నీకూ ఆమెకూ తేడా ఏంది?" తరగతి గొల్లుమంది. అప్పటిదాకా నేను నాయనమ్మకంటే తెలివైనవాణ్నన్న నమ్మకంతో బతికినవాణ్ని. జవాబు దొరకక అలాగే నిలబడిపోయాను.

తర్వాతి గంట తెలుగు సారుది. ఎవరో ఈ సంగతి ఆయన చెవిన వేశారు. ఆయన పాఠం పక్కన పెట్టి, తర్కశాస్త్రం ప్రత్యక్షం (కళ్లారా చూడడం), అనుమానం (గుర్తును బట్టి ఊహించి తేల్చడం), ఉపమానం (పోలిక), శబ్దం (ఒకరు చెప్పగా వినడం) అని నాలుగు ప్రమాణాలు, అంటే తెలుసుకునే మార్గాలు, చెబుతుందని, మనకు తెలిసిన వాటిలో ఎక్కువ భాగం ఆ నాలుగోదాని వల్లే తెలుస్తుందని వివరించారు. ఆంధ్రుడైన అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో శబ్దమంటే ఆప్తవాక్యమన్నాడు. ఆప్తుడెవరంటే "ఆప్తస్తు యథార్థవక్తా", ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడు అన్నాడు. వినికిడి జ్ఞానం జ్ఞానమే కాబట్టి సిగ్గుపడాల్సింది లేదని, చెప్పినవాడు ఆప్తుడా కాదా అన్నదే మనం తేల్చుకోవలసిందని సారు నన్ను ఊరడించారు. కానీ నా చిక్కు అక్కడే ఉంది. లెక్కల సారు ఎంత ఆప్తుడో, గోరుముద్దలు తినిపించిన నాయనమ్మ నాకు అంతకంటే ఆప్తురాలు.

ఆ చిక్కును కొంత విడదీసింది, చిత్రంగా, మా ఇంటి పంచాంగమే. గ్రహణం పట్టే స్పర్శకాలం ఎప్పుడు, మధ్యకాలం ఎప్పుడు, విడిచే మోక్షకాలం ఎప్పుడు అని ముందే లెక్కగట్టి అచ్చువేశారు. ఆ వేళకు కాస్త అటూఇటూగా సూర్యబింబం అంచు నిజంగానే చెదిరింది. అదే పుటలో కింద ఏ రాశివాళ్లకు అరిష్టమో, గర్భిణులు ఏమేం చేయకూడదో కూడా ఉంది. పై సగాన్ని ఎవరైనా గడియారం పెట్టి సరిచూసుకోవచ్చు, తప్పితే తప్పిందని తెలిసిపోతుంది. కింది సగాన్ని ఎప్పుడు, దేనితో సరిచూడాలో ఎక్కడా లేదు. పై సగం నిజమవుతున్న కొద్దీ ఆ పరపతి కింది సగానికీ దక్కుతూ వచ్చింది. లెక్క తప్పని సిద్ధాంతి మాట శకునంలో మాత్రం ఎందుకు తప్పుతుందని మా నాయనమ్మ అనుకోవడంలో తెలివితక్కువతనం ఏమీ లేదు. ఈనాడు పెద్ద చదువులు చదివిన మనం, ఒక రంగంలో గొప్పవాడన్న పేరు చూసి, ఆయనకు సంబంధం లేని విషయంలో ఆయన మాటను తలకెత్తుకుని ఫోన్లలో పంచిపెడుతున్నప్పుడు చేస్తున్నదీ అదే. నిజానికి ఈ సంగతి నాకు ఆనాడు ఇంత స్పష్టంగా తట్టలేదు. ఉద్యోగంలో చేరి, నలుగురి మాటలకు మోసపోయాక తట్టింది.

ఇక ఆ రోజు సంగతి. మిత్రుడి ఇంట్లో కూర్చుని చదువుకుంటానని అమ్మకు అబద్ధం చెప్పి వచ్చాను. నిజాన్ని చూడడానికి అబద్ధం చెప్పవలసి వచ్చినందుకు దారిపొడవునా మనసు పీకింది. అట్టముక్కకు చేసిన సూదిబెజ్జం గుండా వెలుగును సున్నం గోడమీద పడేసి లెక్కల సారు మాకు చూపించారు. వేపచెట్టు కింద నేలంతా చిన్నచిన్న నెలవంకలు పరుచుకున్నాయి. నాలుగు కావడానికి ఇంకా కొద్ది నిమిషాలుందనగా వెలుగు తెగిపోయింది. అప్పుడు మాత్రమే ఆయన మమ్మల్ని తలెత్తనిచ్చారు. నల్లని బింబం చుట్టూ వెండి కాంతి అన్ని వైపులకూ చిమ్మినట్టుంది. పక్కన శుక్రుడు మెరిశాడు. ఊళ్లో కుక్కలు మొరగడం మానేశాయని మిత్రులు రాస్తుంటారు, నాకైతే అవి మొరిగినట్టే గుర్తు.

సోమవారం తెలుగు సారు నన్ను వరండాలో ఆపారు. "చుక్కలు కనపడ్డయా? ఎన్ని? వెలుగు ఏ రంగులో ఉండె?" అని వరుసగా అడిగారు. "ఛాదయతి శశీ సూర్యం శశినం మహతీ చ భూచ్ఛాయా" అన్న ఆర్యభటుడి శ్లోకాన్ని, అంటే చంద్రుడు సూర్యుణ్ని, పెద్దదైన భూమి నీడ చంద్రుణ్ని కప్పుతాయన్న మాటను, మాకు నేర్పింది ఆయనే. అలాంటాయన ఆ రెండు నిమిషాలూ తలుపులు వేసుకుని జపం చేసుకున్నారు. తెలిసి కూడా ఎందుకు రాలేదని అడిగే చనువు నాకు లేకపోయినా అడిగేశాను. "మా అమ్మ ఇంకా ఉన్నది రా" అన్నారు, అంతే.

ఆయన పిరికివాడని చాలాకాలం అనుకున్నాను. ఆర్యభటుడి తర్వాత శతాబ్దానికి పైగా గడిచాక, 628లో, బ్రహ్మగుప్తుడనే మరో గణితజ్ఞుడు గ్రహణాల లెక్కలన్నీ నీడల ప్రకారమే వేస్తూ కూడా, రాహువును కాదన్నవాళ్లు వేదస్మృతులకు దూరమవుతారని మందలించాడు. పదకొండో శతాబ్దంలో అల్ బిరూనీ అనే పండితుడు దీన్ని పట్టుకుని, అంత తెలిసినవాడు ఇలా ఎందుకు అన్నాడో, తన భావాలకు మరణశిక్ష పడిన సోక్రటీసు గతే తనకూ పడుతుందని భయపడ్డాడేమోనని అనుమానించాడు. ఇది చదివినప్పుడు నాకు మన తెలుగు సారే గుర్తుకొచ్చారు. ఆయనకు లోకభయం లేదని, ఉన్నది ఒక ముసలి తల్లి మనసు నొచ్చుకుంటుందన్న బాధ మాత్రమేనని తెలియడానికి మరో సంఘటన కావలసివచ్చింది.

మా తరగతిలో పెదవి చీలి పుట్టిన మిత్రుడొకడు ఉండేవాడు. మన భాషలో దాని పేరే గ్రహణం మొర్రి. నింద ఆ పేరులోనే ఉంది. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణంవేళ బయట తిరిగిందని వాళ్లమ్మను సొంతవాళ్లే ఏళ్ల తరబడి ఆడిపోసుకునేవారు. ఆ గ్రహణం తర్వాత ఆ మాటలు మళ్లీ లేచాయి. తెలుగు సారు తన ఇంట్లో దాచుకున్న పాత పంచాంగాలు తీసి, వాడు పుట్టిన సంవత్సరం తిరగేసి, ఆమె గర్భంతో ఉన్న నెలల్లో మన ప్రాంతంలో కనిపించిన గ్రహణమే లేదని తేల్చుకుని, ఆ పంచాంగం చంకన పెట్టుకుని వాళ్ల ఇంటికి నడిచి వెళ్లారు. వాకిట్లో పదిమంది ముందు చదివి వినిపించారు. అసలు గ్రహణానికీ పెదవికీ సంబంధమే లేదని లెక్కల సారు చెబితే అక్కడ ఎవరూ వినేవారు కాదు. వాళ్లు నమ్మిన పుస్తకంతోనే వాళ్ల నిందను కొట్టేశారు ఆయన. మూఢనమ్మకాన్ని మాత్రం అలాగే వదిలేశారు కదా అని నాలోని లెక్కల సారు శిష్యుడు ఇప్పటికీ గొణుగుతుంటాడు. ఆ గొణుగుడు న్యాయమైనదే. అయినా ఆ తల్లి ఆ సాయంత్రం ఏ మాటకోసం ఎదురుచూస్తోందో ఆయనకు మాత్రమే తెలిసింది.

2019 డిసెంబరు 26 ఉదయం హైదరాబాదులో పాక్షికంగా కనిపించిన గ్రహణాన్ని నేను చూడలేదు. ఎనభై దాటిన అమ్మ పక్కన, తెరలు దించిన గదిలో, గరిక వేసిన నీళ్ల బిందె చూస్తూ కూర్చున్నాను. అక్క కూడా వచ్చింది. 1980లో అక్క ఆరు నెలల గర్భిణి, పెంకుటింటి నడిమి గదిలో తలుపులన్నీ మూసి, సందుల్లో గుడ్డలు కుక్కి ఆమెను కూర్చోబెట్టారు. ఆ మాట రాగానే, ముప్పై తొమ్మిదేళ్లుగా ఎవరికీ చెప్పని సంగతి అక్క ఆ రోజు బయటపెట్టింది. పెంకుల మధ్య సన్నని సందొకటి ఎవరికీ కనపడలేదట. అందులోంచి పడ్డ వెలుగుచుక్క నేలమీద గుండ్రంగా ఉండాల్సింది కాస్తా నెలవంక అయిందట. అక్క చెయ్యి చాపితే అది అరచేతిలో పడిందట. సన్నబడి, సన్నబడి, ఆరిపోయి, కాసేపటికి మళ్లీ రెండో పక్కనుంచి మొలిచిందట.

"నేను బయటికి పోలేదు. అదే లోపలికి వచ్చింది" అంది అక్క. కాన్పు అయ్యేదాకా మూడు నెలలు ఆ అరచేయి తలచుకుని నిద్రపోలేదని, బిడ్డను చేతికిచ్చిన క్షణాన ముందు పెదవులే తడిమానని చెప్పింది.

అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. అప్పుడే చెప్పకపోయినవేమని అడుగుతుందనుకున్నాను. అమ్మ అక్క చెయ్యి తన ఒళ్లోకి తీసుకుని, అరచేతిని తెరిచి చూస్తూ, "ఎట్లుండె బిడ్డా, చూడనీకె?" అని అడిగింది.