ఆఖరి జీతం లెక్క: 26తోనా, 30తోనా?

భీమవరం రొయ్యల ప్లాంటైనా, తణుకు రైస్ మిల్లైనా, మానేసినవాళ్ల ఫైనల్ సెటిల్‌మెంట్‌లో తప్పు ఎక్కువగా భాగహారం దగ్గరే దొర్లుతుంది.

ఒక సూపర్‌వైజరుకి బేసిక్, డీఏ (కరువు భత్యం) కలిపి 18,200, గ్రాస్ అంటే అలవెన్సులన్నీ కలిపిన జీతం 24,000 అనుకోండి. సర్వీసు 7 ఏళ్ల 8 నెలలు, ఆఖరి రోజు జూన్ 17. ఆ నెల జీతం 24,000ని 30తో భాగించి 17తో గుణిస్తే 13,600. ఆఖరి రోజు కూడా పనిచేశాడు కాబట్టి దాన్ని వదిలేయకూడదు.

గ్రాట్యుటీకి, అంటే చేసిన సర్వీసుకి ఏడాదికి పదిహేను రోజుల జీతం చొప్పున ఇచ్చే మొత్తానికి వచ్చేసరికి 30 పనికిరాదు, చట్టమే 26 అంది. నెలలో ఆదివారాలు తీసేస్తే మిగిలే పనిరోజులన్నమాట. 18,200ని 26తో భాగిస్తే 700, పదిహేను రోజులకి 10,500. ఆరు నెలలు దాటిన ముక్క పూర్తి ఏడాది కిందే లెక్క, అంటే 8 ఏళ్లు, మొత్తం 84,000. అలవాటుకొద్దీ 30 వేస్తే 72,800 వస్తుంది. మనిషికి 11,200 గండి! మిగిలిన సెలవుల డబ్బుకి ఏ అంకె వాడాలో కంపెనీ లీవ్ పాలసీ చూసుకోండి. దానిమీద పీఎఫ్ కోయకూడదు.

పీఎఫ్‌లో ఇంకో మెలిక. 17 రోజుల బేసిక్, డీఏ 10,313, దానిమీద 12 శాతం 1,238. 15,000 సీలింగు (పీఎఫ్ కోసే జీతానికి పై హద్దు) పెట్టుకున్న కంపెనీల్లో కొందరు ఆ సీలింగుని కూడా 17 రోజులకి కుదించి 8,500 మీద కోస్తారు. సీలింగు నెల మొత్తానికి, రోజులకి పంచేది కాదు.

2025 నవంబరు 21 నుంచి వేజ్ కోడ్ (జీతాల చట్టం) ప్రకారం రాజీనామా చేసినవాళ్లకి కూడా జీతం బకాయి రెండు పనిదినాల్లో ఇచ్చెయ్యాలి. గ్రాట్యుటీకి 30 రోజులు. కాబట్టి స్టోర్సులో గంబూట్లు, లాకరు తాళం, సంక్రాంతికి తీసుకున్న అడ్వాన్సు బాకీ, ఇవన్నీ ఆఖరి రోజుకి ముందే తేల్చుకోవాలి. బాకీని జీతంలోంచి పట్టుకోండి, గ్రాట్యుటీ జోలికి వెళ్లొద్దు.

తర్వాత పీఎఫ్ పోర్టల్లో కంపెనీ ఎగ్జిట్ తేదీ, అంటే ఉద్యోగం మానేసిన తేదీ, వెయ్యాలి. అది రిలీవింగ్ లెటర్లో ఉన్న తేదీయే కావాలి. కొత్త కంపెనీలో చేరిన తేదీ దీనికంటే ముందుంటే సర్వీసు ఒకదానిమీద ఒకటి పడి పీఎఫ్ ట్రాన్స్‌ఫర్ సమయంలో వివరణ అడగొచ్చు. మీరు వెయ్యకపోతే ఉద్యోగే వేసుకోవచ్చు గానీ, ఆఖరి చందా పడ్డాక రెండు నెలలు ఆగాలి.