అచ్చంగాయల రాళ్లు

ఈయన గురక మొదలైంది. నాకేమో ఐదు రాళ్ల గురించి నిద్ర పట్టడం లేదు.

చెసిల్ బీచ్‌కి వెళ్దామన్నది నేనే. ఇంగ్లండ్‌లో డోర్సెట్ తీరాన 29 కిలోమీటర్ల పొడవునా గులకరాళ్ల గట్టు. అడుగేస్తే మడమ దిగబడుతుంది, కరకరమని చప్పుడు. పోర్ట్‌లాండ్ వైపు బంగాళాదుంపలంత రాళ్లు. పడమరగా వెస్ట్ బే చేరేసరికి బఠాణీలంత. అలలే అలా వేరుచేసి పెట్టాయి. పూర్వం చీకట్లో ఒడ్డుకొచ్చే దొంగసరుకువాళ్లు రాయి తడిమి ఎక్కడ దిగారో పోల్చుకునేవారట.

మధ్యలో, ఆబట్స్‌బరీ దగ్గర, సరిగ్గా అచ్చంగాయల సైజు!

అమ్మమ్మ రాళ్లు ఏరడమంటే పెళ్లిచూపులే. భద్రాచలం వెళ్తే దర్శనం అవ్వగానే గోదారి రేవులో కుచ్చిళ్లు ఎగదోపుకుని కూర్చునేది. ఒక్కోటీ ఎగరేసి మునిచేతి మీద పట్టేది. మరీ నున్నగా ఉంటే జారిపోతుందని, గరుగ్గా ఉంటే గీరుకుంటుందని వంకలు. తాతయ్య గట్టు మీంచి కేకలేస్తున్నా కదిలేది కాదు. నచ్చిన ఐదూ కొంగున ముడేసుకుని బస్సెక్కేది. భోజనాలయ్యాక అరుగు మీద మాతో ఆడి, మనవలని కూడా చూడకుండా ఓడించేది.

చిన్నాడికి నేర్పుదామని ఐదు ఏరాను. "అక్కడ పెట్టెయ్" అన్నారీయన, పక్కవాళ్లు తిరిగి చూసేంత గట్టిగా. రాళ్లు తీసుకెళ్లడం నేరమట, బోర్డు చూపించారు. ఐదు రాళ్లకి సముద్రం పొంగి ఊళ్లమీద పడుతుందా?

ఇంటికొచ్చి, వాదనకి పనికొస్తుందని చదివాను. తీరా చూస్తే ఆయన పక్షమే. మంచుయుగం తర్వాత సముద్రం పెరుగుతూ తోసుకొచ్చిన చెకుముకిరాళ్లే ఎక్కువట అవి. కొత్తవి పెద్దగా చేరవు. ఆ గట్టే వెనకున్న ఫ్లీట్ మడుగుకీ, చివరన ఊరికీ కాపు. వచ్చినవాళ్లంతా తలా ఐదు అనుకుంటే? సరే, రూలు మంచిదే.

పొద్దున ఫెర్రీబ్రిడ్జ్ దగ్గర లిటిల్ టెర్న్ పిట్టల్ని కూడా చూశాం. పసుపు ముక్కు, కొసన నల్లచుక్క. పశ్చిమాఫ్రికా నుంచి వచ్చి, కరెంటు కంచె లోపల ఉత్త రాళ్ల మీదే గుడ్లు పెడతాయి. గుడ్డూ రాయీ ఒకే రంగు. చిన్నాడు బైనాక్యులర్ వదిలితే ఒట్టు.

కానీ ఆ తోట బకెట్టాయన సంగతేంటి? మా పక్క కారే. బకెట్ నిండా రాళ్లు డిక్కీలో పెట్టుకుంటుంటే ఈయన నోరు లేవలేదు. పైగా నవ్వుతూ "హావ్ ఎ నైస్ డే" ఒకటి! రూలు నా ఒక్కదానికేనా? రేపు కాఫీ దగ్గర అడుగుతాను.