పండగ నెలల్లో దానం: విశాఖలో మా అపార్ట్‌మెంటు అనుభవం

విశాఖపట్నంలో దానధర్మాల కాలం మార్గశిరంతో మొదలవుతుంది. బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారికి మార్గశిర లక్ష్మివారాలు విశేషం కాబట్టి వన్‌టౌన్‌లో అన్నదానాలు అప్పుడే ఊపందుకుంటాయి. ఆ వెనకే క్రిస్మస్‌కు చర్చిల తరఫున దుప్పట్ల పంపిణీ, నెలగంట పెట్టిన నాటి నుంచి హరిదాసుల అక్షయపాత్రల్లో బియ్యం, జనవరి ఒకటిన కాలనీ సంఘాల పళ్లూ కేకులూ, సంక్రాంతికి గుమ్మడికాయలూ కొత్త బట్టలూ వరుసగా వస్తాయి. కనుమ వెళ్లిన మర్నాటి నుంచి ఇదంతా ఒక్కసారిగా ఆగిపోతుంది. 2024 చివర్లో మా అపార్ట్‌మెంటు తరఫున విరాళాల పని నా మీద పడినప్పుడు, మిగతా అన్నిటికంటే ఎక్కువగా నేను సర్దుకోవలసి వచ్చింది ఈ హఠాత్తుగా ఆగిపోవడంతోనే.

మేముండేది ఎంవీపీ కాలనీలో. ప్రతి డిసెంబరు 31 రాత్రీ టెర్రస్ మీద షామియానా, మైకు, భోజనాల కోసం అందరమూ చందాలు వేసుకుంటాం. ఆ ఏడాది ఆ డబ్బు నగరంలోని సేవాసంస్థలకు ఇద్దామని సంఘం సమావేశంలో ఒక పెద్దాయన ప్రతిపాదించారు, పెద్దగా వాదన లేకుండానే అందరూ ఒప్పుకున్నారు. కోశాధికారిని నేనే కాబట్టి ఎవరికి, ఏమిటి, ఎలా అన్న మూడు ప్రశ్నలూ నాకే వదిలేశారు.

ఎవరికి అన్నదే అన్నిటికంటే ఎక్కువ సమయం తీసుకుంది. డాబాగార్డెన్స్‌లోని ప్రేమ సమాజం, బీచ్ రోడ్డులోని రామకృష్ణ మిషన్ ఆశ్రమం వంటివి స్వాతంత్ర్యానికి ముందు నుంచీ ఉన్నవి, ఊళ్లో అందరికీ తెలిసినవి. వాటికి ఇవ్వడానికి ఆలోచించవలసిన పని లేదు. కానీ పేరున్న చోటికి పండగ రోజుల్లో దాతలు వాళ్లంతట వాళ్లే వస్తారు కాబట్టి, మన దగ్గరున్న కొద్ది మొత్తం చిన్న సంస్థలకు వెళితే ఎక్కువ ఉపయోగమని నా అభిప్రాయం. చిన్న సంస్థ అన్నప్పుడు కాగితాలు చూడక తప్పదు. సంఘంగానో ట్రస్టుగానో నమోదైన పత్రం, పాన్, స్వచ్ఛంద సంస్థలు నమోదయ్యే నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్‌లోని నంబరు, దాతలకు పన్ను మినహాయింపు వచ్చేలా ఆదాయపు పన్ను శాఖ ఇచ్చిన 80జీ ఉత్తర్వు, కిందటి ఏడాది ఆడిట్ నివేదిక కావాలని ఫోనులోనే ముందుగా చెప్పేదాన్ని. అడిగితే నొచ్చుకుంటారేమో అని మా వాళ్లు సందేహించారు గాని, సక్రమంగా నడుపుతున్నవారు ఒక్కరూ నొచ్చుకోలేదు. ఒకావిడ అయితే ఫైలు మొత్తం టేబుల్ మీద పెట్టి, "చూసుకోండమ్మా, అడిగేవాళ్లుంటేనే మాకూ మంచిది" అన్నారు.

80జీ గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఊళ్లో చాలా చోట్ల గోడకు ఫ్రేము కట్టించిన పాత ఉత్తర్వులు కనిపిస్తాయి. 2021 ఏప్రిల్ నుంచి పద్ధతి మారింది. అంతకు ముందు శాశ్వతంగా ఇచ్చిన అనుమతులు ఉన్నవారు కూడా మళ్లీ నమోదు చేసుకోవలసి వచ్చింది, కొత్త అనుమతికి ఐదేళ్ల గడువు ఉంటుంది. కాబట్టి ఫ్రేములోని కాగితం ఎంత పాతదైతే అంత గొప్ప అనుకోవడానికి వీల్లేదు. తేదీ చూడాలి, ఆదాయపు పన్ను వెబ్‌సైటులో ఆ సంస్థ పేరు వస్తున్నదో లేదో కూడా చూడాలి.

మేము చూసినవాటిలో పిల్లల గృహం ఒకటి ఉంది. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం ఇటువంటి గృహాలు 41వ సెక్షను కింద నమోదు కావాలి, నమోదును ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి, పిల్లలు బాలల సంక్షేమ సమితి ఉత్తర్వు మీద అక్కడికి రావాలి. నమోదు పత్రం అడిగితే "ప్రాసెస్‌లో ఉంది మేడమ్" అన్నారు. ఆ మాట అంటూనే పిల్లల్ని వరుసగా నిలబెట్టి మా కోసం పాట పాడించారు, ఫోటోలు తీసుకోండి, వాట్సాప్‌లో పెట్టుకోండి అని మమ్మల్నే ప్రోత్సహించారు. అదే చట్టంలోని 74వ సెక్షను ఇలాంటి పిల్లల గుర్తింపు బయటపడేలా ఫోటోలుగాని వివరాలుగాని ప్రచురించకూడదంటుంది. ఉల్లంఘిస్తే ఆరు నెలల దాకా జైలు, లేదా రెండు లక్షల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. చట్టం మాట అటుంచినా, ఎవరో బిస్కెట్లు తెచ్చారని ఎనిమిదేళ్ల పిల్ల చేతులు జోడించి నిలబడవలసి రావడం నాకు రుచించలేదు. ఆ గృహానికి మేము ఏమీ ఇవ్వలేదు. పిల్లలేం పాపం చేశారని మాలో ఇద్దరు ముగ్గురు బాధపడ్డారు, ఆ బాధలో న్యాయం ఉంది. అందుకే అక్కడ చూసినది జిల్లా బాలల సంరక్షణ విభాగానికి రాసి ఊరుకున్నాం.

చివరికి పెందుర్తి వైపున్న ఒక వృద్ధాశ్రమం, నగరపాలక సంస్థ తరఫున ఒక స్వచ్ఛంద సంస్థ నడిపే నిరాశ్రయుల వసతి గృహం తేలాయి. ఏమిటి అన్న ప్రశ్నకు జవాబు వాళ్లే చెప్పాలని నేను పట్టుబట్టాను. వృద్ధాశ్రమం నిర్వాహకురాలు మొహమాటం లేకుండా చెప్పారు. "ఏమీ అనుకోకండమ్మా. జనవరి ఒకటి, సంక్రాంతి మూడు రోజులు భోజనాలకు వేరే దాతలు ఎప్పుడో రాసేసుకున్నారు. ఆ రోజుల్లో మీరూ వండించి తెస్తే పారబోయడమే. ఫిబ్రవరిలో మంగళవారాలు, బుధవారాలు ఖాళీ, అవి తీసుకోగలరా?" వాళ్ల గోడ మీది క్యాలెండరులో జనవరి 16 వరకు ప్రతి గడిలోనూ రెండేసి పేర్లున్నాయి, ఆ తరువాత వారాల తరబడి తెల్లగా ఉంది. బయట వండిన అన్నం ముందుగా చెప్పకుండా తీసుకోవడం లేదని కూడా ఆవిడ చెప్పారు. షుగరు, బీపీ ఉన్న పెద్దవాళ్లకు పులిహోర, బూందీ లడ్డూలు రోజుకు మూడు సార్లు పెడితే ఏమవుతుందో ఎవరైనా ఊహించుకోవచ్చు.

ఆవిడ రాసిచ్చిన జాబితాలో దుప్పట్లు లేవు, పళ్లు లేవు. పెద్దల డైపర్లు, మంచం మీద పరిచే వాటర్‌ప్రూఫ్ షీట్లు, డెట్టాలు, ముందు వైపు బొత్తాలుండే నైటీలు, షుగరు పరీక్ష స్ట్రిప్పులు, ఫిజియోథెరపిస్టు వచ్చి వెళ్లే ఖర్చు ఉన్నాయి. మంచం పట్టిన ఆడవాళ్లకు చీర కట్టడం, మార్చడం ఇద్దరు ఆయాల పని, అందుకే నైటీలు. అయినా పండగకు ముసలమ్మలకు చీరలు పెట్టాలన్న మనసు మా ఆడవాళ్లలో బలంగా ఉంది. లేచి తిరగగలిగే వారెందరో కనుక్కుని వారికి మాత్రం నేత చీరలు కొన్నాం, మిగతా డబ్బు జాబితా ప్రకారమే వెళ్లింది. మందులు మాత్రం మేమే కొనిపెట్టకుండా ఆశ్రమం వాడే మందుల దుకాణంలో వారి ఖాతాకు జమ చేశాం. ఇళ్లలో మిగిలిపోయిన సగం స్ట్రిప్పులు ఎవరూ ఇవ్వవద్దని నోటీసు బోర్డులో పెట్టాను కూడా.

పాత బట్టల గురించి పెద్దగా చెప్పను. వాచ్‌మన్ గది పక్కన పెట్టిన అట్టపెట్టెల్లో మంచివి సగమే, మిగతావాటిలో భోగి మంటలో వేయవలసినవి కూడా ఉన్నాయి. ఒక ఆదివారం నలుగురం కూర్చుని ఏరి, ఉతికినవి, బొత్తాలున్నవి మాత్రమే కొలతల వారీగా మూటలు కట్టాం. లంబసింగి, చింతపల్లి వైపు తీసుకెళ్లి రోడ్డు మీద పంచుదామని కుర్రాళ్లు ఉత్సాహపడ్డారు. పాడేరు దగ్గర ఆశ్రమ పాఠశాలలో పనిచేసే మా ఆడపడుచును అడిగితే, చలికాలం ఆదివారాలు పర్యాటకుల కార్లతోనే ఘాట్ రోడ్డు నిండిపోతుందనీ, కార్ల వెనక పిల్లల్ని పరుగెత్తించే అలవాటు చేయవద్దనీ, ఇవ్వదలిస్తే స్వెట్టర్లు కొలతలు రాసి బడికి పంపమనీ చెప్పింది. అలాగే ఆర్టీసీ కార్గోలో పంపాం.

వసతి గృహం దగ్గర డబ్బు కంటే మనుషుల అవసరం ఎక్కువ. జాతీయ పట్టణ జీవనోపాధుల పథకం నియమాల ప్రకారం ప్రతి లక్ష జనాభాకు నూరు మంది పట్టే శాశ్వత వసతి గృహం ఒకటైనా ఉండవలసి ఉండేది. తినడానికి, పడుకోవడానికి ఏర్పాటు ఉంటుంది. మేం వెళ్లిన చోట లేనిది, దరఖాస్తులు రాసిపెట్టే మనిషి. అక్కడున్నవారిలో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి కూలికి వచ్చి జబ్బు పడినవారు, కొడుకులు స్టేషన్లో వదిలేసి వెళ్లిన పెద్దవాళ్లు, ఊరి పేరు సరిగా చెప్పలేనివారు ఉన్నారు. ఆధార్ లేనిదే పింఛను లేదు, రేషను లేదు, ఆరోగ్యశ్రీ లేదు. వృద్ధాప్య పింఛను 2024 జూలై నుంచి నెలకు 4,000 రూపాయలయింది. ఆ డబ్బు ఈ మనుషులకు ఎంత ఆసరానో చెప్పనక్కరలేదు, కానీ చిరునామా లేనివాడు ఆధార్ కేంద్రంలో ఏం చూపిస్తాడు?

ఆధార్ సంస్థ నిర్దేశించిన నమూనాలో వసతి గృహం అధికారి ఫోటో మీద సంతకం, ముద్ర వేసి ఇచ్చే ధ్రువపత్రం చిరునామాకు చెల్లుతుందని అక్కడి సూపర్‌వైజరుకే తెలుసు, ఆయనకు లేనిది సమయం. మా అపార్ట్‌మెంటులో బ్యాంకులో, తపాలా శాఖలో పనిచేసి రిటైరైనవారు ఉన్నారు. వారిని శనివారాలు అక్కడ కూర్చోబెట్టడం మా వంతయింది. ఫారాలు నింపడం, ఫోటోలు తీయించడం, ఆటోలో ఆధార్ కేంద్రానికి తీసుకెళ్లడం, వేలిముద్రలు అరిగిపోయిన కూలీల దగ్గర కనుపాపల నమోదుకు ఓపికగా నిలబడడం, ఇంతే పని. కొన్ని దరఖాస్తులు పాత ఆధార్ ఉన్నందువల్ల తిరస్కరణకు గురయ్యాయి. అప్పుడు ఆ పాత నంబరు వెతికించుకోవడం ఇంకో తతంగం. డిసెంబరు 31 రాత్రి చేయగలిగిన సేవ కాదిది. నవంబరులో ఉత్సాహంగా పేర్లిచ్చినవారిలో చాలామంది సంక్రాంతికి ఊళ్లకు వెళ్లి మళ్లీ రాలేదు. మిగిలినవారు పెద్దవాళ్లే. వారివల్లనే ఆ పని ఏప్రిల్ దాకా సాగింది.

పన్ను సంగతి విరాళం ఇవ్వక ముందే తేల్చుకోవాలని నేను నేర్చుకున్నది ఉద్యోగంలో. సంఘం ఖాతా నుంచి మొత్తంగా పంపితే రసీదు సంఘం పేరుతోనే వస్తుంది, ఇచ్చిన కుటుంబాలకు ఏమీ ఉండదు. అందుకని వృద్ధాశ్రమానికి ఎవరి భాగం వారే యూపీఐలోనో చెక్కుగానో నేరుగా పంపి, పాన్ నంబరు రాసిచ్చేలా ఏర్పాటు చేశాను. నగదుగా రెండు వేల రూపాయలు మించి ఇస్తే 80జీ మినహాయింపు రాదు, బట్టలు, సరుకుల రూపంలో ఇచ్చినదానికి అసలే రాదు. అప్పటి పద్ధతిలో సంస్థ తన దాతల వివరాలను 10బీడీ ఫారంలో మే 31 లోపు దాఖలు చేస్తే ప్రతి దాతకూ 10బీఈ ధ్రువపత్రం వచ్చేది, రిటర్నులో పనికొచ్చింది అదే. మా అందరికీ సకాలంలో వచ్చింది. తీరా చూస్తే సగం మంది కొత్త పన్ను విధానంలో ఉన్నారు, ఆ విధానంలో ఈ మినహాయింపే లేదు. నాలుగో అంతస్తు బాబాయిగారు దీని మీద కొన్నాళ్లు విసుక్కున్నారు.

రక్తదాన శిబిరం కూడా జనవరి ఒకటినే పెట్టాలని మొదట అనుకున్నాం. మేము సంప్రదించిన బ్లడ్ బ్యాంకు వైద్యురాలు నవ్వి, ముందు రాత్రి మందు పుచ్చుకున్నవారిని, నిద్ర లేనివారిని ఎలాగూ తిప్పి పంపాలి, ఆ తేదీ వద్దన్నారు. ఎర్రకణాలు 42 రోజులకు మించి నిలవ ఉండవు, ప్లేట్‌లెట్లు ఐదు రోజులే. పండగలకు, పుట్టినరోజులకు ఒకేసారి వచ్చిపడే రక్తం వేసవి దాకా ఆగదు. కాలేజీలకు సెలవులిచ్చాక విద్యార్థుల శిబిరాలు ఉండవు కాబట్టి మే నెలలో తమకు కటకట, రక్తం ఎక్కించుకుంటూ ఉండవలసిన తలసీమియా పిల్లలకు, గిరిజన ఏజెన్సీ నుంచి వచ్చే సికిల్ సెల్ రక్తవ్యాధి రోగులకు మాత్రం సెలవులుండవు అన్నారావిడ. అందువల్ల శిబిరం 2025 మే నెలలో మా సెల్లారులోనే జరిగింది. హీమోగ్లోబిన్ 12.5 లేనందువల్ల వెనక్కి వచ్చినవారిలో ఎక్కువమంది ఆడవాళ్లే, వారికి ఐరన్ మాత్రల చీటీ రాసిచ్చారు. మగవాళ్లు మూడు నెలలకు, ఆడవాళ్లు నాలుగు నెలలకు మళ్లీ ఇవ్వవచ్చు. ఇద్దరికీ కలిసొచ్చేలా రెండో శిబిరాన్ని సెప్టెంబరు చివర పెట్టమని బ్లడ్ బ్యాంకు వారే సూచించారు, సంఘం ఒప్పుకుంది.