యూకే నర్సు పరీక్షలో లెక్క ఎక్కడ తప్పుతుంది

బయటి దేశాల్లో చదివినవాళ్లు యూకేలో నర్సుగా రిజిస్టర్ కావాలంటే అక్కడి నర్సింగ్ కౌన్సిల్ ఎన్‌ఎంసీ పెట్టే కంప్యూటర్ పరీక్ష, సీబీటీలో న్యూమరసీ, అంటే మందుల లెక్కల భాగం దాటాలి. 15 ప్రశ్నలు, 30 నిమిషాలు. ఆప్షన్లు ఉండవు, జవాబు మనమే టైప్ చేయాలి. ఇక్కడికి రావాలనుకునే మన నర్సులకు ఎక్కాలు రాక కాదు, యూనిట్ చూడకుండా లెక్కలోకి దిగడం వల్లే మార్కులు పోతాయి.

సూత్రం ఒకటే. ఇవ్వాల్సిన డోసును మందు మీద రాసి ఉన్న డోసుతో భాగించి, అది ఎన్ని ఎంఎల్‌లో ఉందో దానితో గుణించాలి. ఫ్యూరోసెమైడ్ 30 ఎంజీ ఇవ్వాలి, యాంప్యూల్ మీద 2 ఎంఎల్‌లో 20 ఎంజీ అని ఉంది. 30ని 20తో భాగిస్తే ఒకటిన్నర, రెండుతో గుణిస్తే 3 ఎంఎల్. అంటే రెండో యాంప్యూల్ కూడా తెరవాలి.

డిజాక్సిన్ 0.125 ఎంజీ అడిగి, మాత్ర 62.5 మైక్రోగ్రాములు అన్నారనుకోండి. అలాగే భాగిస్తే 0.002 మాత్ర వస్తుంది. అలాంటి మాత్ర ఎక్కడా ఉండదు, అక్కడే ఆగాలి. ముందు వెయ్యితో గుణించి 125 మైక్రోగ్రాములు చేసుకుంటే జవాబు రెండు మాత్రలు.

దశాంశ చుక్క విషయంలో ఇక్కడ చాలా పట్టింపు, అది న్యాయమే. 5.0 అని రాస్తే చుక్క కనబడక 50 అవుతుంది, .5 అని రాస్తే 5 అవుతుంది. అందుకే 5 ఎంజీ, 0.5 ఎంఎల్ అని రాయాలి. అర గ్రామును 500 ఎంజీ అనే రాస్తారు. మైక్రోగ్రామ్ అన్న మాటను కుదించరు.

ఎక్కువ మంది తడబడేది శాతాలు, నిష్పత్తుల దగ్గర. 1 శాతం అంటే 100 ఎంఎల్‌లో 1 గ్రాము, అంటే ఎంఎల్‌కి 10 ఎంజీ. 2 శాతం లిగ్నోకెయిన్ 5 ఎంఎల్‌లో 100 ఎంజీ ఉంటుంది. అడ్రినలిన్ 1:1000 అంటే 1000 ఎంఎల్‌లో 1 గ్రాము, ఎంఎల్‌కి 1 ఎంజీ. 1:10,000 అంటే ఎంఎల్‌కి 0.1 ఎంజీ మాత్రమే. అంకె పెద్దదైన కొద్దీ మందు పలచన. అనఫిలాక్సిస్‌లో, అంటే ప్రాణాంతకమైన అలర్జీలో, పెద్దవాళ్లకు కండకు ఇచ్చే 500 మైక్రోగ్రాములు 1:1000లో 0.5 ఎంఎల్. కార్డియాక్ అరెస్ట్‌లో నరానికి ఇచ్చే 1 ఎంజీ 1:10,000లో 10 ఎంఎల్. ఈ రెంటినీ తారుమారు చేస్తే డోసు పది రెట్లు మారిపోతుంది.

డ్రిప్‌లో గంటలను నిమిషాలు చేయడం మరిచిపోతారు. లీటరు సెలైన్ 8 గంటల్లో, ఎంఎల్‌కి 20 చుక్కల సెట్‌తో ఎక్కించాలంటే 1000ని 20తో గుణించి 480తో భాగించాలి. 41.67 వస్తుంది, చుక్కను ముక్క చేయలేం కాబట్టి నిమిషానికి 42. అదే పంపు పెడితే చుక్కల లెక్క అక్కర్లేదు, గంటకు 125 ఎంఎల్. రౌండ్ చేయడం ఎప్పుడూ చివరి జవాబు దగ్గరే, మధ్యలో చేస్తే జవాబు జారిపోతుంది.

ఇండియాలో మన వార్డుల్లో పెన్సిలిన్‌ను పది లక్షలు, ఇరవై లక్షలు అని యూనిట్లలో చెప్పుకుంటాం. ఇక్కడ బెంజైల్ పెన్సిలిన్ చార్టులో ఎంజీల్లో, గ్రాముల్లో ఉంటుంది. పది లక్షల యూనిట్లు 600 ఎంజీ. చార్టులో 1.2 గ్రాములు కనిపిస్తే అది మన ఇరవై లక్షలే, 600 ఎంజీ వయల్స్ రెండు.