శీతకాలంలో కిటికీ అద్దాలు చెమర్చకుండా

ఇంగ్లండులో నవంబరు నుంచి మార్చి దాకా పాత ఇళ్లలో కాపురముండేవారికి పొద్దున్నే పడకగది కిటికీ అద్దాలు తుడుచుకోవడం నిత్యకృత్యం. మన ప్రాంతాల నుంచి కొత్తగా వచ్చినవారు వాన నీరు సందుల్లోంచి లోపలికి దిగుతోందేమోనని మొదట అనుమానిస్తారు. విశాఖపట్నంలోనో కాకినాడలోనో ఉక్కపోత రాత్రి ఏసీ బాగా తగ్గించి పెట్టుకున్న గది కిటికీని గుర్తు చేసుకుంటే సంగతి తేలిగ్గా బోధపడుతుంది. అక్కడ అద్దం బయటివైపు చెమరుస్తుంది, ఇక్కడ లోపలివైపు. తేమ నిండిన వెచ్చని గాలి ఎటు ఉంటే నీరు అటే పడుతుంది కాబట్టి, ఇక్కడ మనం తుడిచే నీరు ఇంట్లో పుట్టినదే.

20 డిగ్రీల గాలి ఘనపు మీటరుకు సుమారు 17 గ్రాముల నీటి ఆవిరిని పట్టి ఉంచగలదు, అదే గాలి 5 డిగ్రీలకు చల్లబడితే 7 గ్రాములు కూడా పట్టలేదు. బయట సున్నా, గదిలో 20 డిగ్రీలు ఉన్నప్పుడు ఒంటి పొర అద్దం లోపలి ముఖం 5 డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటుంది గనుక, గదిలో తేమ 40 శాతమే ఉన్నా, అంటే ఆ వేడిలో గాలి పట్టగలిగిన ఆవిరిలో 40 శాతమే ఉన్నా, దాని మీద నీరు పట్టే అవకాశం ఉంది. పాత రకం డబుల్ గ్లేజింగ్‌లో, అంటే మధ్య ఖాళీ వదిలి బిగించిన రెండు అద్దాల జతలో, ఆ ముఖం 12, 13 డిగ్రీల దాకా వస్తుంది కాబట్టి తేమ 60 శాతం దాటాకే ఇబ్బంది మొదలవుతుంది, వేడిని వెనక్కి తిప్పే పూత ఉన్న కొత్త అద్దాలైతే 16 డిగ్రీలు కూడా దాటుతాయి. ఇదంతా అద్దం నడిమి భాగం లెక్క. అంచులు మరింత చల్లగా ఉంటాయి కనుకనే చెమ్మ తరచుగా అడుగు అంచు నుంచి మొదలవుతుంది. అద్దెకున్నవారు అద్దాలు మార్పించలేరు కాబట్టి వారి చేతిలో ఉన్నది ముఖ్యంగా తేమే.

ఇద్దరు పడుకున్న గదిలోకి తెల్లవారేసరికి ఊపిరి ద్వారా, ఒంటి నుంచి ఆవిరయ్యే తడి ద్వారా అర లీటరుకు పైగానే నీరు చేరుతుంది. మన వంటలో ఉడికించేవే ఎక్కువ, పైగా గ్యాసు మండినప్పుడు కూడా నీటి ఆవిరి పుడుతుంది. అలాగని చలికాలంలో ఇడ్లీలు మానుకోమనే సలహాను నేను లెక్కచేయను, గిన్నెల మీద మూతలు పెట్టి, వంటగది తలుపు మూసి, ఫ్యాను వేసుకుంటే సరిపోతుంది. అసలు దోషి వంట కాదు, ఇంట్లో ఆరేసే బట్టలు. మెషీన్ పిండి ఇచ్చిన ఒక విడత బట్టల్లో ఇంకా రెండు లీటర్ల దాకా నీరు ఉంటుంది, వాటిని గదిని వెచ్చబరిచే రేడియేటర్ మీద పరిస్తే ఆ నీరంతా కొద్ది గంటల్లో గాలిలోకి చేరి, ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉన్న అద్దాన్నో గోడ మూలనో వెతుక్కుంటుంది.

ఇక కిటికీ తెరవడం దగ్గరే మనవాళ్లకు నమ్మకం కుదరదు. బయట ముసురు పట్టి, తేమ 90 శాతం అని ఫోను చూపిస్తుంటే, ఆ గాలిని లోపలికి రానిస్తే ఇల్లు మరింత చెమ్మగిల్లుతుంది కదా అని అడుగుతారు. కానీ 5 డిగ్రీల గాలిలో 90 శాతం అంటే ఘనపు మీటరుకు 6 గ్రాముల నీరు మాత్రమే, ఆ గాలే లోపల 20 డిగ్రీలకు వేడెక్కితే దాని తేమ దాదాపు 34 శాతానికి దిగుతుంది. 65 శాతం తేమతో ఉన్న గదిలోని గాలిలో మాత్రం ఘనపు మీటరుకు 11 గ్రాములు ఉంటాయి. 30 ఘనపు మీటర్ల గదిలో గాలిని ఒకసారి పూర్తిగా మారిస్తే సుమారు 150 గ్రాముల నీరు బయటికి పోతుంది, కొత్త గాలిని మళ్లీ వేడి చేయడానికి 0.15 యూనిట్ల వేడి చాలు, గ్యాసు బిల్లులో అది పెన్నీ లెక్క. అందుకే ఎదురెదురు కిటికీలను పొద్దున ఐదు పది నిమిషాలు బార్లా తీసి మూసేయడం, ఒకే కిటికీని రోజంతా ఓరగా తెరిచి ఉంచి గోడలను చల్లార్చడం కంటే మేలు. అయితే ఇదే లెక్క దీని పరిమితిని కూడా చెబుతుంది. 150 గ్రాముల చొప్పున తోడితే రెండు లీటర్ల బట్టల నీటికి ఎన్నిసార్లు కిటికీ తీయాలో ఊహించవచ్చు.

అందువల్ల బట్టలకు వేరే ఏర్పాటు ఉండాలి. బయటికి గాలి తోసే ఫ్యాను ఉన్న స్నానాలగదిలో ఆరేసి, తలుపు మూసి, ఫ్యాను వదిలేయడం చౌకైన మార్గం. ఇక్కడి భవన నిబంధనల ప్రకారం కొత్తగా అమర్చే, అవసరమైనప్పుడు మాత్రమే వేసుకునే స్నానాలగది ఫ్యాను సెకనుకు కనీసం 15 లీటర్ల గాలి లాగాలి. పాతది పనిచేస్తోందో లేదో తెలుసుకోవాలంటే దాని జాలికి టిష్యూ కాగితం ఆనించి చూస్తే చాలు, నిలవకపోతే దుమ్ము దులపాలి. వంటగది హుడ్ విషయంలోనూ జాగ్రత్త అవసరం. బొగ్గు ఫిల్టరుతో వడకట్టి గాలిని మళ్లీ గదిలోకే వదిలే రకం పోపు వాసనను తగ్గిస్తుందేమో గాని ఆవిరిని తగ్గించదు. కిటికీ చట్రం పైభాగాన సన్నని చీలికల్లా ఉండే ట్రికిల్ వెంట్లకు చలిగాలి వస్తోందని టేపు అంటించడం చాలా ఇళ్లలో చూశాను, వాటిని తెరిచి ఉంచడమే మంచిది.

గాలిలోని తేమను లాగేసే డీహ్యూమిడిఫైయర్ యంత్రం కొనాలనుకుంటే, గదులు వెచ్చగా ఉండే ఇంటికి ఫ్రిజ్‌లా చల్లబరిచి నీరు తీసే కంప్రెసర్ రకం, 15 డిగ్రీల లోపే ఉండే చల్లని గదులకు తేమ పీల్చే పదార్థంతో నడిచే డెసికెంట్ రకం నప్పుతాయి. అది కాల్చిన కరెంటు వేడిగా గదిలోనే మిగులుతుంది, ఆవిరి నీరుగా మారేటప్పుడు లీటరుకు దాదాపు 0.7 యూనిట్ల వేడి అదనంగా వస్తుంది కూడా, కాబట్టి ఆ ఖర్చు పూర్తిగా వృథా కాదు. కిటికీ గట్టు మీద పెట్టే, తేమ పీల్చే ఉప్పు డబ్బాలు అల్మారాకు పనికొస్తాయి గాని గదికి చాలవు.

రెండు అద్దాల మధ్య మబ్బు కమ్మితే ఈ ఉపాయాలేవీ పనిచేయవు, అంచు సీలు పోయిందన్నమాట, ఆ అద్దాల జతను మార్చాల్సిందే. చలికాలం ఉదయం కొత్త అద్దానికి బయటివైపు మంచు పడితే మాత్రం వేడి బయటికి పెద్దగా పోవడం లేదని అర్థం, దానికేమీ చేయనక్కర్లేదు. చిన్న తేమమీటరు 50 శాతానికి అటూ ఇటూగా చూపిస్తున్నా గోడ మూల తడిగానే ఉండి నల్లబూజు వస్తుంటే, పైపు కారడమో గోడలోని లోపమో కారణం కావచ్చు, లేదా ఆ మూల మరీ చల్లగా ఉండవచ్చు. అప్పుడు మీటరు అంకెలు, ఫొటోలు తేదీలతో సహా జతచేసి ఇంటి యజమానికి రాతపూర్వకంగా తెలియజేయాలి.