పేకాటే వృత్తి అయినవాడి పద్దు

బరంపురంలో ఆదాయపు పన్ను రిటర్నులు రాసి బతికేవాళ్లలో నేనొకదాన్ని. గేట్ బజార్ దగ్గర మేడమీద ఒక గది, రెండు కంప్యూటర్లు, ఒక సహాయకుడు. వచ్చేవాళ్లలో సగం మంది తెలుగులో మొదలుపెట్టి ఒడియాలో ముగిస్తారు, మిగిలిన సగం మంది ఒడియాలో మొదలుపెట్టి తెలుగులోకి దిగుతారు. పట్టుచీరల కొట్లవాళ్లు, అప్పడాలు చేయించి అమ్మేవాళ్లు, డాక్టర్లు, ఇచ్ఛాపురం నుంచి రోజూ వచ్చిపోయే గుమాస్తాలు. వీళ్ల పద్దులు నాకు కంఠతా వచ్చు. నాకు నిద్రపట్టనివ్వని పద్దు మాత్రం మా ఆడపడుచు కొడుకుది. అతను పోకర్ ఆడతాడు. సరదాకి కాదు, అదే అతని జీవనోపాధి.

ఇంట్లో ఆ మాట ఎత్తితే మా అత్తగారు ఇప్పటికీ గొంతు తగ్గించి ‘పేకాట’ అనే అంటారు. నేను అతని నోటు పుస్తకం చూశాను కాబట్టి గొంతు తగ్గించను. అంత శుభ్రమైన చిట్టా మా బజారు వ్యాపారుల్లో ఒక్కరి దగ్గర కూడా లేదు. తేదీ, ఊరు, బైఇన్ (పోటీలో కూర్చోవడానికి ముందే కట్టే సొమ్ము), ఎన్ని గంటలు ఆడాడు, ఎన్నో స్థానంలో లేచాడు, ఎంత వచ్చింది, విమానం, లాడ్జి, భోజనం. పోయినది ఎర్ర సిరాతో, వచ్చినది నీలి సిరాతో. గోవాలో మాండవి నది మీద ఓడల్లో జరిగే పోటీల నుంచి బెంగళూరులో గది అద్దె దాకా అన్నీ ఉంటాయి.

ఆదాయపు పన్ను చట్టానికి ఆ పుస్తకంలో ఒకే ఒక్క గడి కావాలి: ఎంత వచ్చింది. మిగిలినవన్నీ దాని దృష్టిలో కాలక్షేపానికి రాసుకున్న రాతలు.

1961 చట్టంలో సెక్షన్ 115బీబీ లాటరీలనూ గుర్రప్పందేలనూ పేకాటనూ ఒకే గాటన కట్టి, గెలిచిన సొమ్ము మీద 30 శాతం పన్ను వేసింది. దాని పక్కనే సెక్షన్ 58(4) కాపలా కాస్తుంది. ఆ గెలుపు కోసం పెట్టిన ఖర్చు ఒక్క రూపాయి కూడా తగ్గించుకోవడానికి వీల్లేదు. పోయిన పందేల నష్టాన్ని గెలిచిన వాటితో సర్దుబాటు చేసుకోవడానికీ వీల్లేదు, వచ్చే ఏడాదికి మోసుకుపోవడానికీ వీల్లేదు. ఏడాదికొకసారి లాటరీ టికెట్టు కొనేవాడికి ఇది పెద్ద బాధ కాదు. నెలంతా ఆడేవాడి సంగతి వేరు.

అతని పుస్తకంలోని లెక్కనే గుండ్రంగా చేసి చెబుతాను. ఐదు పోటీలు, ఒక్కోదానికి 50,000 బైఇన్. మొత్తం రెండున్నర లక్షలు. నాలుగింట్లో చేతులు ఊపుకుంటూ లేచాడు, ఐదోదానిలో మూడు లక్షలు వచ్చింది. మనం చూస్తే లాభం 50,000. నిర్వాహకులు బహుమతి ఇచ్చేటప్పుడే 30 శాతం టీడీఎస్ కింద 90,000 పట్టుకున్నారు. చేతికి వచ్చింది 2,10,000. అంటే గెలిచినవాడు 40,000 నష్టంతో ఇంటికి వచ్చాడు. విమానం టికెట్టు, లాడ్జి ఇంకా లెక్కలోకి రానేలేదు.

అక్కడితో అయిపోతే బాగుండేది. “టీడీఎస్ పట్టేశారు కదా అత్తా, ఇక నాకు సంబంధం లేదు” అన్నాడు. సంబంధం ఉంది. ఇక్కడ నివసించేవాళ్లకు టీడీఎస్‌లో సెస్సు (పన్ను మీద వేసే అదనపు పన్ను) కలవదు, రిటర్ను దాఖలు చేసేటప్పుడు దాన్ని మనమే కట్టాలి. 90,000 మీద 4 శాతం, అంటే మరో 3,600. బహుమతి మొత్తానికి చూస్తే 1.2 శాతం. చిన్నదే కదా అనిపిస్తుంది. కానీ ఏడాది గెలుపులు ఎనిమిది లక్షల ముప్పై వేలు దాటాయంటే ఈ సెస్సు ఒక్కటే పదివేలకు చేరుతుంది, పదివేలకు చేరగానే ముందస్తు పన్ను (ఏడాది ముగియకముందే వాయిదాల్లో కట్టాల్సినది) నిబంధన వచ్చి కూర్చుంటుంది. ఆటగాడికి పన్ను శాఖ నుంచి మొదటి కబురు ఈ చిల్లర గురించే రావచ్చు.

రెండో భ్రమ ఇంకా తియ్యనిది. 2025-26 నుంచి కొత్త విధానంలో 12 లక్షల దాకా పన్ను లేదని బజారంతా చెప్పుకుంటోంది. పట్టుచీరల కొట్టు యజమానికి అది నిజమే. పోకర్ గెలుపులకు కాదు. ప్రత్యేక రేటు ఉన్న ఆదాయానికి ఆ రిబేటు (పన్నులో ఇచ్చే తగ్గింపు) వర్తించదు, కనీస మినహాయింపు పరిమితి కూడా దగ్గరికి రాదు. ఏడాదిలో ఇంకే ఆదాయమూ లేక ఇరవై వేలే గెలిచినా ఆ ఇరవై వేల మీదా 30 శాతమే.

మరి పోకర్‌ను వృత్తిగా చూపించకూడదా? ఏటా అడుగుతాడు. డాక్టర్లు, లాయర్లు, ఇంజినీర్లు సెక్షన్ 44ఏడీఏ కింద వచ్చినదానిలో సగమే లాభమని చూపించుకుంటారు, నాకేం తక్కువ అంటాడు. ఆ సెక్షన్‌లో వృత్తుల పేర్లు రాసి ఉన్నాయి నాయనా, అందులో నీ పేరు లేదు. ఐటీఆర్-1, ఐటీఆర్-4 అనే చిన్న రిటర్ను ఫారాలు కూడా ఈ గెలుపులను లోపలికి రానివ్వవు. ఇతర మార్గాల ఆదాయం షెడ్యూలులో, ఖర్చు గడి సున్నాగా ఉంచి రాయాల్సిందే. బైఇన్‌లో సగం పెట్టి గెలుపులో సగం తీసుకునే భాగస్వామి ఉన్నా 26ఏఎస్‌లో (పాన్ వారీగా పట్టిన పన్ను చూపించే పట్టికలో) మొత్తం బహుమతి ఆడినవాడి పాన్ మీదే కనిపిస్తుంది. ఆ సగం సంగతి రాతపూర్వకంగా లేకపోతే పన్ను మొత్తం ఇతని నెత్తినే.

విచిత్రమేమిటంటే, వారాంతంలో కుర్రాళ్లకు ఆట నేర్పి తీసుకునే ఫీజుకు మాత్రం ఈ బాధలేవీ లేవు. అది నికార్సయిన వ్యాపార ఆదాయం. ఇంటర్నెట్ బిల్లు, కంప్యూటర్ తరుగుదల, తెల్లబోర్డు, అన్నీ ఖర్చు రాసి ఇచ్చాను.

ఇది నైపుణ్యం ఆట, జూదం కాదు అని అతని వాదన. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు కేసులో రమ్మీ ప్రధానంగా నైపుణ్యం ఆట అని సుప్రీంకోర్టు చెప్పిన 1968 నాటి తీర్పును ఆటగాళ్లందరూ మంత్రంలా చదువుతారు. చదవనివ్వండి. ఆ తీర్పు పోలీసులకు జవాబు, పన్ను అధికారికి కాదు. పన్ను సెక్షన్‌లో నైపుణ్యం ప్రస్తావనే లేదు, పేకాట అన్న మాట మాత్రం నిలువునా ఉంది.

ఈ మొత్తం కథలో నాకు నిజంగా న్యాయంగా కనిపించినది ఒక్కటే. 2023 ఏప్రిల్ నుంచి ఆన్‌లైన్ ఆటలకు 115బీబీజే, 194బీఏ అని వేరే సెక్షన్లు వచ్చాయి. రేటు అదే 30 శాతం, కానీ పన్ను నికర గెలుపు మీద. ఏడాదిలో వెనక్కి తీసుకున్న సొమ్ముకు ఏడాది చివర ఖాతాలో మిగిలిన నిల్వను కలిపి, అందులోంచి ఖాతాలో వేసిన సొమ్మునూ ఏడాది మొదట్లో ఉన్న నిల్వనూ తీసేస్తారు. పైన చెప్పిన లెక్కే ఒక యాప్‌లో జరిగి ఉంటే? రెండున్నర లక్షలు వేశాడు, మూడు లక్షలు తీశాడు, నికరం 50,000, టీడీఎస్ 15,000. అదే మనిషి, అదే ఆట, అదే లాభం. ఓడలో 90,000, ఫోనులో 15,000. ఒక యాప్‌లో పోయినది మరో యాప్‌లో గెలిచిన దానితో కలవదు, నిజమే. అయినా ఆ చట్టం రాసినవాళ్లకు కనీసం ఆటంటే తెలుసు.

మా ప్రాంతం కుర్రాళ్లకు ఆ తలుపు కూడా సరిగ్గా తెరుచుకోలేదు. ఒడిశాలో 1955 నాటి జూద నిరోధక చట్టంలో నైపుణ్యం ఆటలకు మినహాయింపు లేదు కాబట్టి యాప్‌లు ఇక్కడి ఫోన్లలో డబ్బు ఆటలు ఆడనిచ్చేవి కావు. సరిహద్దు దాటి ఇచ్ఛాపురంలో కూర్చుందామంటే ఆంధ్రలో 2020 నుంచే నిషేధం. అందుకే ఇతను బెంగళూరులో గది తీసుకున్నాడు. ఆ గది అద్దె కూడా ఖర్చు కాదు, అది వేరే విషయం. 2023 అక్టోబరులో యాప్ ఖాతాలో వేసే సొమ్ము మీదే 28 శాతం జీఎస్టీ వచ్చింది. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. అప్పుల పాలైన కుటుంబాలను నేను చూశాను కాబట్టి నిషేధాన్ని తప్పు పట్టను. నష్టాన్ని నష్టంగా ఒప్పుకున్న ఒక్క పన్ను పద్ధతి దానితోపాటే పనికిరాకుండా పోయిందని మాత్రం నా బాధ. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే కొత్త ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ల అంకెలను మార్చింది, ఆ 30ని మార్చలేదు.

అమెరికాలో గ్రోట్జింగర్ అని ఒకాయన ఉండేవాడు. 1978లో వేరే ఉద్యోగం లేక వారానికి 60 నుంచి 80 గంటలు కుక్కల పందేల మీద కూర్చున్నాడు. ఏడాది చివర తేలింది 2,032 డాలర్ల నష్టం. అంత శ్రమపడి క్రమం తప్పకుండా జీవనోపాధి కోసం చేసే పని వ్యాపారమే అవుతుందని వాళ్ల సుప్రీంకోర్టు 1987లో తేల్చింది. అది చదివి మావాడు ఫోనులోనే ఎగిరి గంతేశాడు. అక్కడా 2026 నుంచి నష్టంలో 90 శాతమే తగ్గించుకోనిస్తారని, లక్ష గెలిచి లక్ష పోగొట్టుకున్నా పదివేల మీద పన్ను తప్పదని చెప్పాక చల్లబడ్డాడు.

అయినా లాస్ వేగాస్ మీద మనసు పోలేదు. అక్కడ గెలిస్తే ఎలా అని అడిగాడు. విదేశీయుల గెలుపు మీద అక్కడే 30 శాతం పట్టుకుంటారు. కొన్ని దేశాల వాళ్లకు ఒప్పందాల వల్ల మినహాయింపు ఉంది, మనకు లేదు. ఇక్కడ నివసించేవాడివి కాబట్టి ఆ గెలుపు ఇక్కడి రిటర్నులోనూ చూపించాలి, ఫారం 67 పెట్టి అక్కడ కట్టినదానికి ఇక్కడ మినహాయింపు అడుగుతాం, సెస్సు మటుకు మళ్లీ నీదే అన్నాను. కాసేపు ఆలోచించి, “మరి విమానం టికెట్టు అత్తా?” అన్నాడు.

“నీ పుస్తకంలో రాసుకో. నాకు పంపనక్కర్లేదు” అన్నాను.