తిరిగే ఫ్యాన్‌కి దుమ్మెలా పడుతుంది?

పండక్కి ఇల్లు దులిపేటప్పుడు ఎవరో ఒకరు అడుగుతారు, రోజంతా గిర్రున తిరిగే ఫ్యాన్‌కి ఇంత దుమ్మెలా పట్టిందీ అని. అడగాల్సిన మాటే. 1200 ఎంఎం సీలింగ్ ఫ్యాన్ నిమిషానికి 350 చుట్లు తిరుగుతుందనుకోండి, రెక్క కొస సెకనుకి 22 మీటర్లు పోతుంది, అంటే గంటకి దాదాపు 80 కిలోమీటర్లు! ఆ గాలికి దుమ్ము ఎగిరిపోవాలి కదా.

పోదు. రెక్కకి ఆనుకున్న గాలి రెక్కతో పాటే తిరుగుతుంది, దాన్ని వదిలి జారదు, నో-స్లిప్ అంటారు దీన్నే. రెక్క మీద కూర్చుని చూస్తే అక్కడ గాలి వేగం సున్నా, పైకెళ్ళేకొద్దీ పెరిగి పెరిగి ఎక్కడో పూర్తి 22కి చేరుతుంది. అలా ఏ ఎత్తులో ఎంత వేగమో గీస్తే వచ్చేదే వెలాసిటీ ప్రొఫైల్, ఆ పెరుగుదల అంతా జరిగే పల్చటి పొర బౌండరీ లేయర్.

ఎంత పల్చన? రెక్క వెడల్పు 13 సెంటీమీటర్లనుకుని, సాఫీ ప్రవాహం అనుకుని జర్మన్ శాస్త్రవేత్త బ్లాసియస్ 1908లో ఇచ్చిన ఫార్ములా వేస్తే వెనక అంచు దగ్గర ఒకటిన్నర మిల్లీమీటర్ వస్తుంది. అసలు రెక్క ఒంపుగా ఉంటుంది, పైగా తిరుగుతుంది, కాబట్టి ఇది ఉజ్జాయింపే, కానీ అదే లెక్కలో 10 మైక్రాన్ల (మిల్లీమీటర్లో నూరో వంతు) ఎత్తులో గాలి సెకనుకి పాతిక సెంటీమీటర్లే, అంటే దుమ్ము రేణువుకి తగిలేది తుఫాను కాదు, పిల్లగాలి.

మరి ముందు అంచుకే ఎక్కువ మందంగా ఎందుకు పడుతుందంటే, అక్కడ గాలి పక్కకి తిరుగుతుంది గానీ బరువున్న రేణువు అంత తొందరగా తిరగలేక నేరుగా వచ్చి గుద్దుకుంటుంది.

నాకు వీటన్నిటికన్నా నచ్చేది ఈ బౌండరీ లేయర్ ఆలోచన ఇచ్చిన జర్మన్ శాస్త్రవేత్త ప్రాంట్ల్ తెలివి. 1752లోనే ఫ్రెంచ్ గణితవేత్త డాలంబేర్ జిగట లేని ద్రవంలో కదిలే వస్తువుకి అడ్డంకే ఉండదని లెక్కతేల్చాడు, పడవ లాగేవాడెవడైనా నవ్వుతాడు. జిగట కలిపితేనేమో సమీకరణాలు కొరుకుడు పడవు. 1904లో హైడెల్‌బర్గ్ గణిత మహాసభలో ప్రాంట్ల్ చెప్పిందేంటంటే, గాలీ నీళ్ళ లాంటి వాటిలో జిగట సంగతి గోడ పక్క పల్చటి పొరలోనే పట్టించుకోండి, బయట వదిలేయండి అని. ఆ పొర గోడని వదిలి విడిపోతే వెనక సుడులు లేస్తాయి, అడ్డంకి చాలావరకు అక్కణ్ణించే.

కారు వాష్‌లో ప్రెషర్ నీళ్ళు ఎంత కొట్టినా సన్నటి మట్టి పొర మిగిలిపోతుంది చూడండి, అక్కడా ఇదే లెక్క, గుడ్డ పెట్టి రుద్దాల్సిందే.